ఒకే బల్ల, వేరే గేటు: సలివన్ సూత్రాల మీద ఒక దళిత పరిశీలన

పోయిన ఏడు ఒక యూనివర్సిటీ సెమినార్‌లో రెండు మాటలు విన్నాం. ఈ వ్యాసం ఆ రెండింటికీ జవాబు. మేనేజ్‌మెంట్ శాఖ నుంచి వచ్చిన అధ్యాపకుడొకాయన, బహుళజాతి కంపెనీలకు కులం లేదు, రంగు లేదు, వాటికి కావాల్సింది పనితనమే అన్నారు. కావాలంటే దక్షిణాఫ్రికాలో అమెరికా కంపెనీలు సలివన్ సూత్రాలు పెట్టుకుని నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే బల్ల దగ్గర కూచోబెట్టిన సంగతి చూడమన్నారు. వెంటనే లేచిన వామపక్ష మిత్రుడు, ఆ బల్లలూ క్యాంటీన్లూ అన్నీ కంటితుడుపు, కార్మికుడికి కావాల్సింది యూనియన్, మిగతాదంతా మాయ అని తేల్చేశాడు. చప్పట్లు ఇద్దరికీ పడ్డాయి. వెనక బెంచీల్లో కూచున్న మేం మాత్రం ఇద్దరిలో ఎవరికీ చప్పట్లు కొట్టలేకపోయాం. ఎందుకు కొట్టలేకపోయామో ఆ రోజు చెప్పే వీలు దొరకలేదు. మైకు మా దాకా రాలేదు, అది వేరే సంగతి.

దీన్ని పరాయి దేశపు పాత కథ అని పక్కన పెట్టడానికి వీల్లేదు. 2006లో ఇంటర్నేషనల్ దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్ దక్షిణాసియాకు వచ్చే విదేశీ పెట్టుబడిదారుల కోసం 'అంబేద్కర్ సూత్రాలు' అనే నియమావళి తయారు చేసింది. అదే కాలంలో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండు గట్టిపడుతుంటే, భారత పరిశ్రమల సమాఖ్య చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామంటూ ఒక నియమావళి ప్రకటించుకుంది. 2020లో అమెరికాలోని కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కుల వివక్ష కేసు వేశాక కొన్ని పెద్ద కంపెనీలు తమ ఉద్యోగ నియమాల్లో 'కులం' అనే మాట చేర్చుకున్నాయి. అంటే మన బాధ పేరు, మన నాయకుడి పేరు కంపెనీ కాగితాల మీదికి ఎక్కుతున్న కాలం ఇది. ఇట్లాంటి కాగితమే ఇంతకుముందు నల్లజాతి కార్మికులకు ఏం చేసింది, ఏం చెయ్యలేకపోయింది అన్నది తెలుసుకోకుండా మనం సంబరపడటమూ తప్పే, విసిరికొట్టడమూ తప్పే.

లియాన్ సలివన్ ఫిలడెల్ఫియా నగరంలో నల్లజాతి బాప్టిస్టు పాస్టరు. నల్లవాళ్లకు ఉద్యోగాలివ్వని కంపెనీల సరుకులు కొనొద్దని చర్చిల ద్వారా ఉద్యమం నడిపిన మనిషి. ఆయన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. 1971లో జనరల్ మోటార్స్ డైరెక్టర్ల బోర్డులో చేరారు, ఆ బోర్డులో కూచున్న మొదటి నల్లజాతి మనిషి. చేరిన ఏడే వాటాదారుల సమావేశంలో, కంపెనీ దక్షిణాఫ్రికా వదిలి రావాలన్న తీర్మానానికి మద్దతుగా మాట్లాడారు. తీర్మానం ఓడిపోయింది. 1976 జూన్‌లో సోవెటోలో బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపాక, ఆ దేశంలో వ్యాపారం మానుకోవాలన్న ఒత్తిడి అమెరికా చర్చిల్లో, యూనివర్సిటీల్లో పెరిగింది. ఆ ఒత్తిడి మధ్య 1977 మార్చి 1న పన్నెండు కంపెనీల సంతకాలతో సలివన్ ఆరు సూత్రాలు ప్రకటించారు. ఫోర్డ్, జనరల్ మోటార్స్, ఐబీఎం, మొబిల్, సిటీకార్ప్ ఆ పన్నెండులో ఉన్నాయి. యూనియన్ కార్బైడ్ కూడా ఉంది. ఆ పేరు దగ్గరికి మళ్లీ వస్తాం.

ఆరు సూత్రాల సారం ఇది. తినేచోట, సేదతీరేచోట, పనిచేసేచోట జాతుల వారీ వేర్పాటు ఉండొద్దు. ఉద్యోగ నియమాలు అందరికీ సమానంగా ఉండాలి. సమానమైన లేదా పోల్చదగిన పనికి సమాన వేతనం ఇవ్వాలి. పెద్ద సంఖ్యలో నల్లవాళ్లను గుమాస్తా, సాంకేతిక, అజమాయిషీ ఉద్యోగాలకు తయారుచేసే శిక్షణ పెట్టాలి. మేనేజర్లుగా, సూపర్‌వైజర్లుగా వాళ్ల సంఖ్య పెంచాలి. ఫ్యాక్టరీ బయట ఇల్లు, బడి, రవాణా, వైద్యం విషయాల్లో వాళ్ల బతుకు మెరుగుపరచాలి. సంతకం చేసిన కంపెనీలు ఏటా ఒక ప్రశ్నాపత్రం నింపి పంపాలి. ఆర్థర్ డి. లిటిల్ అనే అమెరికా కన్సల్టెన్సీ సంస్థ వాటిని చూసి, బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డులాగా గ్రేడ్లు వేస్తుంది. కొన్నేళ్లలో సంతకాలు చేసిన కంపెనీలు నూరు దాటాయి.

ఇందులో లేని మాట ఒకటుంది చూడండి. యూనియన్. మొదటి పాఠంలో ఆ మాటే లేదు. 1978లో సూత్రాలను విస్తరించినప్పుడు గానీ చేర్చలేదు. అదే 1977లో యూరపు ఆర్థిక సముదాయం తమ కంపెనీలకు పెట్టిన నియమావళిలో, కార్మికులు తమకు నచ్చిన సంఘాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ముందు వరసలోనే ఉంది. (అది పెట్టడానికి వెనక కూడా ఒక గొడవ ఉంది. 1973లో గార్డియన్ పత్రిక, దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ కంపెనీలు నల్ల కార్మికులకు కడుపు నిండని జీతాలిస్తున్నాయని బయటపెడితే బ్రిటిష్ పార్లమెంటు విచారణ జరపాల్సొచ్చింది. పెద్దమనుషులకు బుద్ధి దానంతటది పుట్టలేదు.)

ఇంకో మాట, 'సమానమైన లేదా పోల్చదగిన పని'. వినడానికి బాగుంది. కానీ నల్లవాడు ఊడ్చే పనిలో, బరువులు మోసే పనిలో, లైను మీద అట్టడుగు పనిలో ఉండి, తెల్లవాడు ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు దేన్ని దేంతో పోల్చాలి? పోల్చడానికి అవతల మనిషే లేడు. సూత్రం నూటికి నూరు పాళ్లు పాటించినా నల్లవాడి జీతం కదలదు. ఇది మనకు కొత్త కాదు. పాకీ పనికి అందరికీ సమాన వేతనం ఇస్తున్నామని మునిసిపాలిటీ చెప్పుకుంటే మనం ఏమంటాం? ఆ పనిలో ఇంకెవరున్నారు గనక, అంటాం. వేతనం లెక్క కంటే ముందు, పనుల పంపకం ఎవరు చేశారన్నది అడగాలి. దక్షిణాఫ్రికాలో ఆ పంపకాన్ని చట్టం చేసింది. 1956 నాటి పారిశ్రామిక రాజీ చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఫలానా పని ఫలానా జాతి వాళ్లకే అని ప్రభుత్వం కేటాయించొచ్చు. మన దగ్గర ఆ పని చట్టం చెయ్యక్కర్లేకుండానే జరిగిపోతుంది, అంతే తేడా.

ఫ్యాక్టరీ గోడ బయట ఇంకా పెద్ద చట్టం ఉంది. నల్లవాడు నగరంలో ఉండాలంటే పాసు పుస్తకం కావాలి. పట్టణ ప్రాంతాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం అక్కడే పుట్టినవాడో, ఒకే యజమాని దగ్గర వరసగా పదేళ్లు పనిచేసినవాడో, అనుమతితో పదిహేనేళ్లు నివసించినవాడో అయితే తప్ప స్థిరంగా ఉండే హక్కు లేదు. పల్లెల నుంచి, 'బంతుస్థాన్'ల నుంచి వచ్చే వలస కార్మికుడికి ఏడాది కాంట్రాక్టు. ఏడాది కాగానే ఇంటికి పోవాలి, మళ్లీ కొత్త కాంట్రాక్టు మీద రావాలి. అట్లా వరస తెగిపోతే పదేళ్లు ఎప్పటికీ నిండవు. ఇప్పుడు ఆలోచించండి. ఇట్లాంటి మనిషిని ఫోర్‌మన్ రేపటి నుంచి రావద్దంటే అతను ఉద్యోగం ఒక్కటే పోగొట్టుకోడు, ఊళ్లో ఉండే హక్కు పోగొట్టుకుంటాడు. యజమాని నోటి మాటకు వెనక పోలీసు వ్యాను నిలబడి ఉంది. 'స్థానిక చట్టాలకు లోబడి' పనిచేస్తామని కంపెనీ అన్నప్పుడు ఆ చట్టం కంపెనీకి అడ్డంకి కాదు, కంపెనీకి అందివచ్చిన కొరడా. అధ్యాపకులవారు చూపించిన ఒకే బల్ల ఈ చట్టం నీడలో వేసిన బల్ల.

స్థానిక చట్టం ఒప్పుకోదు కాబట్టి యూనియన్‌తో మాట్లాడలేం అని కంపెనీలు ఏళ్ల తరబడి చెప్పాయి. అది కూడా పూర్తి నిజం కాదు. ఆఫ్రికన్ కార్మికుల సంఘాలను 1979 దాకా చట్టం గుర్తించలేదు, నిజమే. కానీ సంఘంతో ఒప్పందం చేసుకోవద్దని యజమానిని నిషేధించనూ లేదు. 1973 జనవరిలో డర్బన్ నగరంలో కారొనేషన్ ఇటుకల ఫ్యాక్టరీలో మొదలైన సమ్మె బట్టల మిల్లులకు, మునిసిపాలిటీకి పాకింది. మూడు నెలల్లో అరవై వేలకు పైగా కార్మికులు పని ఆపేశారు. నాయకుల పేర్లు అడిగితే ఎవరూ చెప్పలేదు, చెబితే అరెస్టు చేస్తారని. ఈ డర్బన్ మనకు మరీ పరాయి ఊరు కాదు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటలకు కూలీ ఒప్పందాల మీద వెళ్లినవాళ్లలో విశాఖ, గంజాం వైపు తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్ల మనవలు, మునిమనవలు ఆ నగరంలో, ఆ మిల్లుల్లో పనిచేశారు. ఆ సమ్మెల తర్వాత, 1974లో, స్మిత్ అండ్ నెఫ్యూ అనే బ్రిటిష్ కంపెనీ అక్కడి అనుబంధ ఫ్యాక్టరీలో ఆఫ్రికన్ బట్టల కార్మికుల సంఘంతో ఒప్పందం చేసుకుంది. ఒక కంపెనీ చెయ్యగలిగిందంటే, మిగతావి చెయ్యలేక ఆగలేదు, చెయ్యడం ఇష్టం లేక ఆగాయి.

ఇప్పుడు పోర్ట్ ఎలిజబెత్‌కు పోదాం. (2021లో ఆ నగరం పేరు గ్కెబెర్హాగా మారింది.) ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ 1920ల నుంచి అక్కడ ఉన్నాయి. రెండూ సలివన్ మొదటి పన్నెండులోవి. ఫోర్డ్ కోర్టినా ప్లాంటులో తొజామిలే బోతా అనే నల్లజాతి ఉద్యోగి ఉండేవాడు. నల్లవాళ్ల పేటల్లో అద్దెల మీద, ఇళ్ల మీద పోరాడే పౌర సంఘానికి అతనే నాయకుడు. 1979 అక్టోబరులో అతనికి యాజమాన్యం నుంచి వచ్చిన మాట: ఉద్యోగమో, రాజకీయమో తేల్చుకో. అతను ఉద్యోగం వదిలాడు. ఆ రోజే సుమారు ఏడు వందల మంది పని ఆపి బయటికొచ్చారు. ఫోర్డ్ దిగివచ్చి అతన్ని మళ్లీ తీసుకుంది. నవంబరులో మళ్లీ సమ్మె వస్తే మాత్రం, వీళ్లంతట వీళ్లే ఉద్యోగాలు వదులుకున్నట్టు లెక్క అని కంపెనీ చెప్పేసింది. 1980 జనవరిలో వాళ్లను తిరిగి తీసుకోవడానికి ఒప్పుకుంది. అదే నెలలో బోతాను పోలీసులు అరెస్టు చేశారు, తర్వాత అతని మీద నిషేధపు ఉత్తర్వులు వచ్చాయి, చివరికి లెసోతోకు వెళ్లిపోయాడు.

ఆరో సూత్రం గుర్తుందా? ఫ్యాక్టరీ బయట నల్లవాళ్ల ఇల్లు, బడి, బతుకు మెరుగుపరచాలన్నది. ఆ ఇళ్ల కోసమే ఆ మనిషి పోరాడాడు. కంపెనీ చేస్తే అది ఆరో సూత్రం, ప్రశ్నాపత్రంలో మార్కులు పడతాయి. నల్ల కార్మికుడు తనకు తాను చేసుకుంటే అది రాజకీయం, ఉద్యోగం పోతుంది. సలివన్ సూత్రాల మీద మా ప్రధానమైన ఆక్షేపణ ఇదే. అందులో నల్లవాడు పుచ్చుకునేవాడు. అతనికి శిక్షణ ఇస్తారు, ప్రమోషన్ ఇస్తారు, ఇల్లు కట్టిస్తారు. అతను అడిగేవాడుగా, బేరం పెట్టేవాడుగా, కాదనేవాడుగా ఎక్కడా లేడు. ప్రశ్నాపత్రం మేనేజరు నింపుతాడు, అమెరికాలో కన్సల్టెంటు దిద్దుతాడు, ఫలితం వాటాదారుడు చదువుతాడు. ఎవరి గురించి రాశారో ఆ మనిషి చేతికి ఆ కాగితం రాదు.

కోల్గేట్ పామోలివ్ సంగతీ ఇట్లాంటిదే. ఆ కంపెనీ కూడా సూత్రాల మీద సంతకం చేసింది. జొహానెస్‌బర్గ్ దగ్గర బోక్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో కెమికల్ కార్మికుల సంఘం, ఫ్యాక్టరీ స్థాయిలోనే మాతో జీతాల మీద మాట్లాడండి అని అడిగితే, అట్లా కుదరదు, పరిశ్రమ మొత్తానికి ఉండే కౌన్సిల్‌కు పొమ్మంది. ఆ కౌన్సిళ్లు తెల్ల యూనియన్లు, యజమానులు కలిసి కట్టుకున్న ఇళ్లు. 1981లో సంఘం కోల్గేట్ సరుకులు కొనొద్దని నల్లవాళ్ల పేటల్లో పిలుపిచ్చింది. సబ్బు, పళ్లపొడి, పేస్టు కొనేది ఎవరు మరి? కంపెనీ ఒప్పుకుంది. సంతకం చెయ్యించలేని పని పేటల్లోని ఆడవాళ్ల కొంగుముడి చేయించింది. సలివన్ తన యవ్వనంలో ఫిలడెల్ఫియాలో నడిపిన ఉద్యమం కూడా సరిగ్గా ఇదే కదా అని మాకు ఆశ్చర్యమేసింది. అక్కడ ఆయన కంపెనీని బయటి నుంచి పట్టుకున్నాడు, ఇక్కడ లోపలి నుంచి బతిమాలుకున్నాడు.

ఇంతవరకు చదివి మా వామపక్ష మిత్రుడు, నేనూ అదే అన్నాను గదా అనొచ్చు. కాదు. క్యాంటీను బల్ల చిన్న విషయం అన్న మాట దగ్గర మేం విడిపోతాం. టీకొట్టులో వేరే గ్లాసు తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. మా నాన్న ఆసామి ఇంట్లో కూలి చేసి, చేతులు దోసిలి పట్టి పైనుంచి పోసిన నీళ్లు తాగినవాడు. ఆయనకు ఎవరైనా వచ్చి, నీళ్ల సంగతి తర్వాత, ముందు కూలి రేటు సంగతి చూద్దాం అంటే ఏమనేవాడో మాకు తెలుసు. రెండూ ఒకటే పంచాయితీ అనేవాడు. ఫ్యాక్టరీలో వేరే మరుగుదొడ్డి, వేరే కుళాయి, వేరే బల్ల ఉన్నంత కాలం ఆ మనిషికి తక్కువ జీతమే సరిపోతుందన్నది అందరికీ సహజంగా కనిపిస్తుంది. వేర్పాటు జీతానికి అలంకారం కాదు, పునాది. సలివన్ సూత్రాల్లో మొదటిది బల్ల గురించి కావడాన్ని మేం తప్పు పట్టం. బల్ల వేసి అంతటితో పని అయిపోయిందనుకోవడాన్ని తప్పు పడతాం.

యూనియన్ అన్న మాట కూడా మంత్రం కాదు. 1922లో రాండ్ బంగారు గనుల్లో తెల్ల కార్మికులు తుపాకులు పట్టి మరీ సమ్మె చేశారు. యజమానులతోనే పోరాటం, కానీ ఆ పోరాటంలో ఒక డిమాండు తమ పనుల్లోకి చవక నల్ల కార్మికులను రానివ్వొద్దన్నది. 1924 చట్టం తెల్ల యూనియన్లకు బేరమాడే హక్కు ఇచ్చి పాసు మోసే ఆఫ్రికన్లను 'ఉద్యోగి' అనే నిర్వచనం నుంచే తీసేసింది. 1926లో గనుల్లో రంగు అడ్డుగోడ చట్టమైంది. మన దగ్గరా ఇదే. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలో జీతం ఎక్కువ, అందులోకి అస్పృశ్యులను రానివ్వలేదు. కండెలో దారం మార్చినప్పుడు నోటితో పీల్చాలి, ఎంగిలి అంటుతుంది అని. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ విషయాన్ని సమ్మె నాయకుల ముందు పెట్టాల్సొచ్చింది. వాళ్లంతట వాళ్లకు అది డిమాండుగా తోచలేదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పింది ఈ అనుభవంలోంచే. ఆ మాటలో సగం ఒకరు, సగం ఒకరు పట్టుకుని సెమినార్లు నడిపిస్తున్నారు.

మళ్లీ దక్షిణాఫ్రికాకు. అమెరికా కంపెనీలన్నీ కలిపినా వాటిలో పనిచేసే నల్లవాళ్లు ఆ దేశపు నల్ల కార్మికుల్లో ఒక శాతం లోపే. సూత్రాలన్నీ అమలైనా నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా బయటే ఉంటారు. ఈ సంగతి సలివన్‌కు తెలియక కాదు. 1984లో సూత్రాలను మళ్లీ విస్తరించి, కంపెనీలు జాతి వివక్ష చట్టాలకే వ్యతిరేకంగా నిలబడాలని చేర్చారు. రెండేళ్లలో చట్టాలు పోకపోతే కంపెనీలు బయటికి రావాలని 1985లో గడువు పెట్టారు. గడువు దాటింది. 1987 జూన్‌లో తన సూత్రాలు ఆ వ్యవస్థను కూల్చలేకపోయాయని ఒప్పుకుని కంపెనీలన్నీ వచ్చేయాలని పిలుపిచ్చారు. తన పేరున్న కాగితాన్ని తానే పక్కన పెట్టే ధైర్యం ఎంతమందికుంటుంది? మన నాయకుల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కానీ కంపెనీలు ఎట్లా వెళ్లిపోయాయన్నది చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. 1986 అక్టోబరులో జనరల్ మోటార్స్ తన దక్షిణాఫ్రికా కంపెనీని స్థానిక మేనేజర్లకే అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. అమ్మకం బేరంలో కార్మికులకు చోటు లేదు. ఎన్నో ఏళ్లుగా నల్ల కార్మికుల సంక్షేమం మీద ఏటేటా ప్రశ్నాపత్రాలు నింపిన కంపెనీ ఇది. యూనియన్ మూడు అడిగింది. మేం ఇన్నాళ్లు చేసిన సర్వీసుకు పరిహారం, మా పెన్షన్ సొమ్ము, కొత్త కంపెనీ బోర్డులో మేం ఎన్నుకున్న మనుషులు. ఇవ్వమన్నారు. సమ్మె జరిగింది. పోలీసులు వచ్చారు, కొన్ని వందల మంది ఉద్యోగాలు పోయాయి. డెల్టా మోటార్ అన్న కొత్త పేరుతో బండ్లు అవే తయారయ్యాయి, పోలీసులకు, సైన్యానికి అమ్మడానికి అభ్యంతరం లేదని కొత్త యాజమాన్యం చెప్పింది. 1997లో జనరల్ మోటార్స్ అందులో 49 శాతం వాటా కొనుక్కుని తిరిగి వచ్చింది, 2004లో మొత్తం తీసుకుంది. నల్లవాళ్ల ప్రభుత్వం వచ్చాకనే అనుకోండి. పోవడం, రావడం రెండూ వాటాదారుల ఇష్టం మీద జరిగాయి.

'అనుబంధ కంపెనీ' అన్న మాట చట్టంలో ఏం పని చేస్తుందో కూడా చూడాలి. 2002లో దక్షిణాఫ్రికా బాధితులు న్యూయార్క్ కోర్టుల్లో కేసులు వేశారు. ఫోర్డ్ తన కార్మిక నాయకుల వివరాలు భద్రతా పోలీసులకు ఇచ్చిందని, ఐబీఎం జనాన్ని జాతుల వారీ విడదీసే గుర్తింపు పత్రాల వ్యవస్థకు యంత్రాలు, సాఫ్ట్‌వేరు సమకూర్చిందని ఆరోపణ. జనరల్ మోటార్స్ దివాలా ఆస్తి నుంచి 2012లో పదిహేను లక్షల డాలర్ల దాకా రాజీ కుదిరింది. ఫోర్డ్, ఐబీఎంల మీద కేసు 2015లో అప్పీలు కోర్టులో వీగిపోయింది. ఫోర్డ్ విషయంలో కోర్టు చెప్పిన దాని సారం: అనుబంధ కంపెనీ మీద అజమాయిషీ ఉంటే సరిపోదు, మాతృ సంస్థ స్వయంగా అమెరికాలో ఏం చేసిందో చూపించండి. 2016లో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. అంటే నియమావళి సంతకం పెట్టేటప్పుడు మాతృ సంస్థ, తప్పుకు జవాబు చెప్పేటప్పుడు అనుబంధ సంస్థ. భోపాల్‌లో ఇదే చూశాం. యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్‌లో అమెరికా మాతృ సంస్థకు 50.9 శాతం వాటా ఉంది. 1984 డిసెంబరులో విషవాయువు ఫ్యాక్టరీ గోడ పక్క బస్తీల పేదలను చంపాక, ఆ ఫ్యాక్టరీ నడిపింది భారతీయ కంపెనీ, మేం కాదు అని వాదించింది. 1986లో అమెరికా కోర్టు కేసును ఇక్కడికి పంపేసింది. 1989లో 47 కోట్ల డాలర్లతో రాజీ అయింది. 1977లో అక్కడ సంతకం చేసిన కంపెనీయే ఇది.

ఈ కళ్లతో 2006 నాటి అంబేద్కర్ సూత్రాలను చదివితే ఒక విషయంలో సలివన్ కంటే ముందడుగు కనిపిస్తుంది. నేరుగా నియమించుకున్నవాళ్లకే కాదు, సబ్ కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లకు కూడా కంపెనీయే బాధ్యత వహించాలని అందులో ఉంది. రాసినవాళ్లకు మన దేశపు గేటు సంగతి తెలుసు. కానీ అది కూడా స్వచ్ఛందమే. ఇష్టమైన కంపెనీ పాటిస్తుంది, ఇష్టం లేనిది చదవను కూడా చదవదు. పరిశ్రమల సమాఖ్య నియమావళి సంగతి చెప్పక్కర్లేదు, రిజర్వేషన్ చట్టం రాకుండా అడ్డుపెట్టడానికి పుట్టింది అది. అమెరికా కంపెనీల నియమాల్లో చేరిన 'కులం' కంప్యూటర్ ముందు కూచునే ఉద్యోగికి కొంత ఉపయోగపడొచ్చు. అతను కూడా మనవాడే, అతని అవమానం చిన్నది కాదు. మరి అదే కంపెనీకి వస్తువులు చేసే ఫ్యాక్టరీలో ట్యాంకు కడిగేవాడికి?

మా పెద్దన్న సంగతి చెప్పి ముగిస్తాం. హైదరాబాదు శివార్లలో ఒక విదేశీ కంపెనీ అనుబంధ ఫ్యాక్టరీలో ఆయన పదకొండేళ్లు పనిచేశాడు. కాగితాల ప్రకారం ఒక్కరోజు కూడా ఆ కంపెనీలో పనిచెయ్యలేదు. పదకొండేళ్లలో కాంట్రాక్టరు పేరు నాలుగుసార్లు మారింది, మారినప్పుడల్లా కొత్త కార్డు, కొత్త చేరిన తేదీ. దక్షిణాఫ్రికా వలస కార్మికుడికి నిండని పదేళ్ల గురించి పుస్తకంలో చదివినప్పుడు మాకు ముందు గుర్తొచ్చింది ఆ కార్డుల కట్టే. పర్మినెంటు వాళ్లకు ముందు గేటు, కాంట్రాక్టు వాళ్లకు వెనక గేటు. క్యాంటీను మాత్రం ఒకటే, బల్లలూ అవే, తినే టైములే వేరు. వ్యర్థ జలాల ట్యాంకులు కడిగే షిఫ్టులో ఉన్నవాళ్లందరూ మా వాడ, పక్క రెండు ఊళ్ల వాడలు. ఫలానా కులం వాళ్లనే పెట్టమని ఎవరూ ఎక్కడా రాయలేదు. కాంట్రాక్టరు మనుషుల కోసం వాడకే వచ్చాడు, అంతే.

ఆ ఫ్యాక్టరీ రిసెప్షన్ గోడ మీద కంపెనీ నియమావళి ఫ్రేము కట్టి ఉంది, ఇంగ్లీషులో. అన్న ఏడో తరగతి చదివాడు, ఆ హాలు తుడిచాడు గానీ అది చదవలేదు. పోయిన సంక్రాంతికి ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి ఇందులో ఏముందిరా అని అడిగాడు. జాతి, మతం, లింగం, పుట్టిన దేశం ఉన్నాయి, కులం లేదు. 'మా ఉద్యోగులు' అని ఉంది, కాంట్రాక్టు కార్మికుల మాట లేదు. చదివి చెబితే, అయితే మేం ఇందులో లేమన్నమాట అని, ఇంకో మాట అన్నాడు: లేకపోతే లేం గానీ, ఉన్నట్టు మేమే ఒకటి రాసిస్తే వాళ్లు సంతకం పెడతారా? వెనక గేటు వాళ్లు వచ్చే నెల మా ఊరి కమ్యూనిటీ హాలులో కూచుంటున్నారు. ఫ్రేములో ఉన్నదాన్ని తెలుగు చేసి తెమ్మన్నారు. పోర్ట్ ఎలిజబెత్ కార్మికులు 1986లో అడిగిన మూడు డిమాండ్లు కూడా దాని కింద రాసి తీసుకుపోతున్నాం.